సిరుగుప్పలో అమావాస్య సెలవు

మా ముగ్గురికీ కమ్యూనికేషన్ పేపర్లలో మంచి మార్కులే వచ్చాయి. అందుకే కాబోలు, బళ్ళారి జిల్లాలో అడుగుపెట్టిన మొదటి రోజంతా మేం చెప్పింది ఒక్కరికీ అర్థం కాలేదు. వెళ్ళొచ్చి నెల దాటినా, "అక్కడ చూడ్డానికి ఏముందే?" అని అడిగేవాళ్ళు ఇంకా అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇలా కూర్చుని రాస్తున్నాను.

ముందు మా జట్టు సంగతి. నేను తెనాలి పిల్లని. కీర్తిది విజయవాడ. కాగితం కనబడితే చాలు, దానిమీద నాలుగు గళ్ళు గీసి ప్రణాళిక వేస్తుంది. నజీర్‌ది గుంటూరు. గోడతో అయినా పది నిమిషాలు మాట్లాడి స్నేహం చేసుకోగలడు. ఇంటర్న్‌షిప్ కింద మా ముగ్గురినీ ఒక కంటి ఆసుపత్రికి పంపించారు. వాళ్ళ వ్యాను ఊరూరా తిరిగి ఉచితంగా కళ్ళు పరీక్ష చేస్తుంది. సిరుగుప్ప పక్క పల్లెకి రెండుసార్లు వెళ్తే రెండుసార్లూ పదిమంది కూడా రాలేదట. మూడోసారీ అంతే అయితే ఆ వైపు వ్యాను ఆపేస్తామన్నారు. అక్కడ తెలుగువాళ్ళు ఎక్కువ, మీరు చెప్తే వింటారు, వెళ్ళి జనాన్ని కదిలించండి అన్నారు. మంగళవారం ఉదయం పది గంటలకి శిబిరం. కీర్తి అచ్చ తెలుగులో రెండు రంగుల్లో ఐదు వందల కరపత్రాలు అచ్చు వేయించింది.

బళ్ళారిలో వగ్గాణి

రైలు దిగేసరికి పొద్దున్న ఏడున్నర. స్టేషన్ బయట బండి దగ్గర పొగలు కక్కుతున్న మిరపకాయ బజ్జీలు. పక్కనే పెద్ద గంపలో పచ్చగా తాలింపు వేసిన మరమరాలు. దాన్ని ఇక్కడ వగ్గాణి అంటారు. మరమరాలని నానబెట్టి, నీళ్ళు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. మేం మరమరాలు అంటే బండాయన బొరుగులు అన్నాడు. పక్కన తింటున్న పెద్దాయన మండక్కి అన్నాడు. పేరు తేలేలోపు నజీర్ రెండు ప్లేట్లు ఖాళీ చేశాడు. బజ్జీతో కలిపి ప్లేటు ముప్ఫై రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకి బజ్జీ వాసన మాత్రమే వస్తుంది.

సిరుగుప్ప బస్సులో మొదటి దెబ్బ తగిలింది. ఆ రాష్ట్రంలో ఆడవాళ్ళకి టికెట్ లేదని విని నేనూ కీర్తీ దర్జాగా కూర్చున్నాం. కండక్టర్ నా ఆధార్ అటూ ఇటూ తిప్పి, "ఆంధ్రా ఆధార్ నడియల్లమ్మా, టికెట్ తీసుకో" అన్నాడు. బస్సు నిండా ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వారు. నజీర్ మరీ గట్టిగా నవ్వాడు. డబ్బులిచ్చి కూర్చున్నాం.

సిరుగుప్ప: చదవని కరపత్రాలు

బళ్ళారి ఎండ, బండలు దాటాక కాలవ నీళ్ళు మొదలయ్యాయి. ఇక రోడ్డుకి రెండు వైపులా మడులే. నా కళ్ళకి తెనాలి దారిలాగే కనిపించి ప్రాణం లేచొచ్చింది.

సిరుగుప్పని ఆనుకునే ఉన్న ఆ పల్లెలో మాకు గది ఇచ్చినాయన తిమ్మప్ప. తాతల నాడే స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం, ఇప్పుడు నాలుగు లారీలు కూడా తిప్పుతున్నాడు. నేను గర్వంగా మొదటి కరపత్రం ఆయన చేతిలోనే పెట్టాను. ఆయన దాన్ని దగ్గరగా చూసి, దూరంగా చూసి, మర్యాదగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"శానా బాగా ప్రింట్ చేయించినారు పాపా. రంగులు బాగుండాయి."

"చదివారా అండీ?"

"యాడ చదివేది? మాకు తెలుగు మాట్లాడను వస్తాది, చదవను రాదు. మా తాత కాలం నుంచి మేం పోయిందంతా కన్నడ బడికే గదా!"

కీర్తి ముఖం చూడాలి ఆ క్షణాన. ఇల్లంతా తెలుగు, గోడ మీద క్యాలెండరు కన్నడం. పిల్లల్ని తెలుగులో తిట్టి, హోంవర్కు కన్నడంలో చేయిస్తారు. మూడేళ్ళు 'మీ శ్రోత ఎవరో ముందు తెలుసుకోండి' అని పరీక్షల్లో రాసి రాసి చేతులు నొప్పిపుట్టిన మేం, ఒక్క ఫోన్ చేసి ఆ ముక్క కనుక్కోలేదు.

పోనీ నోటితో చెబుదామని మధ్యాహ్నం ఆటో మాట్లాడి మైకు కట్టాం. కీర్తి వార్తలు చదివినట్టు మొదలుపెట్టింది: "ఉచిత నేత్ర వైద్య శిబిరమును ప్రజలందరూ సద్వినియోగపరచుకొనవలసిందిగా..." రెండు వీధులు తిరిగాం. ఒకావిడ గబగబా బిందె తీసుకుని బయటికొచ్చి, "నీళ్ళ ట్యాంకరు యాడుండాది?" అంది. నజీర్ ఆటోలో ముఖం దాచుకున్నాడు.

ఆ సాయంత్రం తిమ్మప్ప మా అవస్థ విని పగలబడి నవ్వాడు. "ఏమప్పా నజీరూ, ఐదొందల కాగితాలు కొట్టించేకన్నా ఒక హనుమక్కను పట్టుకోకూడదా? నాకు నాట్లకు మనుషులు కావాలన్నా నేనే పోయి ఆయమ్మను అడగాల. ఆయమ్మ ఒక మాట చెప్తే ఊరు కదులుతాది" అన్నాడు. కరపత్రాలు అరుగు మీదే ఉండిపోయాయి. మూడో రోజుకల్లా వీధి చివర బజ్జీలు వేసే ఆవిడ వాటిని అడిగి తీసుకుపోయింది. ఆ తర్వాత సిరుగుప్పలో మేం తిన్న ప్రతి బజ్జీ 'మీ కంటి చూపు మా బాధ్యత' అనే మాటలో చుట్టుకునే వచ్చింది.

మడిలో ఒక పూట

మర్నాడు తెల్లారేసరికి తిమ్మప్ప మడి దగ్గరున్నాం. హనుమక్కకి యాభై దాటుంటాయి. చీర మీద మగవాళ్ళ చొక్కా, నడుముకి తువ్వాలు, కంచులా మోగే గొంతు. నాట్లు వేసే ఆడవాళ్ళ గుంపుకి మేస్త్రి ఆమె. రైతుతో మాట్లాడేదీ, ఎవరెక్కడ వంగాలో చెప్పేదీ ఆమే, అందరితో పాటు వంగి నాటేదీ ఆమే. ఇరవై ఎనిమిది మంది గుంపు. రోజూ తెల్లవారుజామున ఐదింటికి ఫోన్ గ్రూపులో ఒక్క వాయిస్ మెసేజ్ పెడుతుంది. ఎవరి మడి, ఏ దారి, ఏం తెచ్చుకోవాలి, అంతా అందులోనే. చివర ఎప్పుడూ ఒకే మాట: "ఇరవై ఎనిమిది మందీ రావాల."

మేం వెతుకుతున్న రేడియో స్టేషను చీర దోపుకుని మడి మధ్య నిలబడి ఉంది.

"అక్కా, మంగళవారం పదింటికి కళ్ళ డాక్టర్ వస్తున్నారు, మీ వాళ్ళకి చెప్పాలి" అన్నాను.

"పదింటికా? నాట్ల కాలంలో గంట పదికి ఇంట్లో ఎవురుంటారు పాపా, పిల్లులా? ఆరుకు మడిలో దిగితే మాపటేలకు లేస్తాం. ఒక దినం పోతే కూలి పోతాది, నారు ముదురుతాది. అందుకే ముందు రెండు తూర్లూ ఎవురూ రాల్యా." చేతిలో నారు కట్ట విసిరి, "అమాసకి పెట్టుకో. అమాసకి ఎవురూ మడిలోకి దిగరు. ఎద్దులను కట్టరు, నారు పీకరు. తలకి పోసుకోని, గుడికి పోయి, ఊరంతా ఇంట్లోనే ఉంటాది" అంది.

నేను నోరు తెరిచాను. మా ఇంట్లో అమావాస్య అంటే మా అమ్మ కొత్త సబ్బు కూడా విప్పదు. ఇక్కడ అది ఊరందరి ఆదివారం! అమావాస్య మంగళవారం తర్వాత రెండు రోజులకే, గురువారం.

సంతోషం పట్టలేక నేనూ నాటుతానన్నాను. వరి పొలాల మధ్య పుట్టి పెరిగిన దాన్ని, ఒక్కరోజూ బురదలో కాలు పెట్టలేదు. నాలుగో అడుగుకి చెప్పు బురద మింగేసింది, అయిదో అడుగుకి నేనే కూర్చుండిపోయాను. "తెనాలి పాప నాటుకొనింది!" అని గుంపంతా ఒకటే నవ్వు. ఎవరో ఫోన్ తీసి ఫొటో కొట్టి గ్రూపులో కూడా పెట్టేశారు. గట్టెక్కి కూర్చుని చూస్తుంటే ఒకటి గమనించాను. హనుమక్క పక్కన నాటే సుంకమ్మ, మాటిమాటికీ చెయ్యి చాచి హనుమక్క నాటిన చోట కూడా రెండేసి మొక్కలు గుచ్చుతోంది. చేతివేగం ఎక్కువేమో అనుకున్నాను.

మధ్యాహ్నం అందరూ బుత్తులు విప్పారు. మనం అన్నం మూట అంటాం కదా, ఇక్కడ అదే బుత్తి. జొన్నరొట్టె, వెర్రినువ్వులతో చేసే గురెళ్ళ కారం, ఉల్లిపాయ. నాకు ఏడుగురు ఏడు రొట్టె ముక్కలు పెట్టారు. వద్దంటే "తినే పాపా, బురదకి బలం గావాల" అన్నారు. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు హనుమక్క లేచి నిలబడి పేరుపేరునా లెక్క చెప్పింది. ఇరవై ఏడు అయ్యాక అరచెయ్యి తన గుండె మీద వేసుకుని, "ఇరవై ఎనిమిది" అని కూర్చుంది. రోజూ అంతేనట. లెక్క తేలందే ఎవరూ తినరు.

తిన్నాక ఆమె ఫోన్ మోగింది. చెయ్యంత దూరం పెట్టి చూసి, కళ్ళు చికిలించి, చివరికి నా చేతికిచ్చి "ఎవురు పాపా?" అంది. తెర మీద తిమ్మప్ప ఫొటో నిండుగా కనబడుతోంది.

"అక్కా, మీరు కూడా గురువారం చూపించుకోవాలి" అన్నాను.

చుట్టూ చూసి గొంతు తగ్గించింది. ఆ గొంతు తగ్గడం అదే మొదటిసారి. "గమ్మునుండు. యాడా అనొద్దు. కండ్లు కనపడని మేస్త్రి వెనక ఏ ఆడది వస్తాది? రైతూ నమ్మడు, గుంపూ నమ్మదు. ఇరవై ఏండ్లు కాపాడుకొంటి ఈ గుంపును. అందరినీ నేనే తోలకొస్తా. నన్ను మాత్రం అడగొద్దు. ఒట్టు పెట్టు."

ఒట్టు పెట్టాను. మాట్లాడ్డం నేర్చుకోడానికి వెళ్ళినదాన్ని, నోరు కుట్టేసుకుని వచ్చాను.

కంప్లి: డాక్టరమ్మ ఒప్పుకోలు

శిబిరం రోజు మార్చాలంటే వ్యానుతో తిరిగే డాక్టరమ్మ ఒప్పుకోవాలి. ఆ వారం వ్యాను కంప్లిలో ఉంది. తుంగభద్ర ఒడ్డున ఊరు. ఏటి గాలికి బస్సు దిగగానే ప్రాణం హాయిగా అనిపించింది. బజారులో నజీర్ ఉర్దూలో మాట కలిపాడో లేదో, అరటిపళ్ళమ్మే ముసలాయన వాడిని కూర్చోబెట్టి పెళ్ళయ్యిందా అని ఆరా తీశాడు. డజను నలభై చెప్పిన పళ్ళు ముప్ఫైకే ఇచ్చాడు. కీర్తి అడిగితే మళ్ళీ నలభై అన్నాడు.

డాక్టరమ్మ మా వైపు మనిషే, రాజమండ్రి. నేను అమావాస్య అనగానే చేతిలో టార్చిలైటు కింద పెట్టేసింది. "అమావాస్య నాడు కంటి పని ఎవరు పెట్టుకుంటారమ్మా? ఒక్కరైనా వస్తారా? నువ్వు తెలుగుపిల్లవేనా?"

కీర్తి తన గళ్ళ కాగితం తీసింది. నజీర్ చెయ్యి పట్టుకుని ఆపాడు. వ్యాను తుడుస్తున్న డ్రైవరు ఆ ఊరివాడే. వాడితోనే చెప్పించాడు. "హౌదు మేడమ్, అమాసకి ఈ కడ ఒక్కరూ పనికి పోరు. నేనూ సెలవు అడగాలనుకొంటి" అన్నాడు డ్రైవరు.

డాక్టరమ్మ కింద పెట్టిన టార్చిలైటు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "మా అమ్మకి మాత్రం తెలియకూడదు" అంది చివరికి. నవ్వు ఆపుకోలేక నేను ఏటి వైపు తిరిగాను.

సాయంత్రం సిరుగుప్పలో హనుమక్క ముందు కూర్చుని ఏం చెప్పాలో నేను చెప్పబోతే ఆపింది. తానే బొత్తాం నొక్కింది. "ఇనండి. అమాసకి పొద్దున తొమ్మిదికి, తిమ్మప్ప వడ్ల గోదాము కాడికి కండ్ల డాక్టరమ్మ వస్తాంది. రూపాయి ఇచ్చేది లేదు. సూది లేదు. ఇరవై ఎనిమిది మందీ రావాల." అంతే. సద్వినియోగం లేదు, నేత్ర వైద్యం లేదు. సూది లేదన్న మాట మా ఐదు వందల కాగితాల్లో ఎక్కడా లేదు. ఆ మెసేజ్ పక్క గుంపుల మేస్త్రులకీ వెళ్ళింది. సుంకమ్మ నన్ను కూడా ఆ గ్రూపులో కలిపింది.

అమావాస్య

తొమ్మిదికి రమ్మంటే ఎనిమిదింటికే గోదాము చప్టా నిండిపోయింది. తలస్నానం చేసిన జుట్లు, కనకాంబరాలు, కుంకుమలు. డాక్టరమ్మ వ్యాను దిగి, "ఇది కంటి శిబిరమా, పెళ్ళా?" అంది. మూడు గుంపులు వచ్చాయి. వాళ్ళ మొగుళ్ళూ, అత్తలూ వచ్చారు. తిమ్మప్ప పెద్ద గిన్నెడు బెల్లం పాయసం పంపించాడు. డ్రైవరు సెలవు సంగతి మరిచిపోయి వరస నిలబెడుతున్నాడు.

హనుమక్క వస్తూనే నా దగ్గర గుంపు మొత్తానికీ టోకెన్లు అడిగింది. అలవాటు ప్రకారం "ఇరవై ఎనిమిది" అంది. నేను ఇరవై ఎనిమిదీ ఇచ్చాను. ఒక్క మాట కూడా అనలేదు, ఒట్టు ఒట్టే. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, చేతిలో టోకెను పెట్టి లోపలికి తోసింది. బయటికొచ్చిన వాళ్ళందరికీ పాయసం పోసింది. తను మాత్రం ఆ గుమ్మం దాటలేదు. ఆ గుమ్మం అవతల రెండడుగుల్లో ఉంది ఆమె చూపు.

మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ సర్దుకోబోతూ "ఇంకెవరైనా ఉన్నారా?" అని కేకేసింది.

హనుమక్క చేతిలో చూసుకుంది. ఒక టోకెను మిగిలింది.

"ఒకటి మిగిలుండాదే! ఎవుతో ఎగ్గొట్టింది!" కంచు గొంతు లేచింది. "రాండి అందరూ, నిలబడండి. డాక్టరమ్మ ఇంత దూరం వస్తే ఎగ్గొట్టేది ఎవురు?" గుంపంతా పాయసం గ్లాసులతో వచ్చి నిలబడింది. పేరుపేరునా లెక్క మొదలైంది. సుంకమ్మ ఒకటి. ఈరమ్మ రెండు. ఎవరి పేరు పిలిస్తే వాళ్ళు గ్లాసు ఎత్తుతున్నారు. ఇరవై అయిదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు.

అలవాటుగా అరచెయ్యి లేచి ఆమె గుండె మీద ఆగింది. ఇంకో చేతిలోని టోకెను వైపు చూసుకుంది.

నేను కీర్తి చెయ్యి పట్టుకున్నాను.

"ఇరవై ఎనిమిది" అంది సుంకమ్మ మెల్లగా. "పో అక్కా లోపలికి."

"నాకేమైంది? నాకు బాగా కనపడతాది" అంది హనుమక్క. గొంతులో కంచు లేదు.

"మాకు తెల్దనుకొంటివా? రెండేండ్ల నుంచీ నువ్వు నాటిన కాడ సందులు పడతాంటే పూడ్చేది ఎవురు? నీ పక్కన వంగేది నేను గదా. నేను రాని దినం ఈరమ్మ వంగుతాది. మేం మాట్లాడుకోనే పెట్టుకొంటిమి."

"మళ్ళ ఎందుకు చెప్పల్యా?"

"నువ్వెందుకు చెప్పల్యా?" అంది సుంకమ్మ. "నీ కండ్లు జూసి వస్తాండామా మేము? నీ నోరు జూసి వస్తాండాము."

ముందు ఎవరు నవ్వారో తెలీదు. హనుమక్కే అనుకుంటాను. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూ, మిగిలిన టోకెను పిడికిట్లో పట్టుకుని గుమ్మం దాటింది. నేను సిగ్గులేకుండా ఏడ్చాను. నజీర్ పాయసం గిన్నె వెనక్కి వెళ్ళి చాలాసేపు గరిటె వెతికాడు.

ఒక కంటికి శుక్లం ముదిరింది, రెండో కంటికి అద్దాలు చాలు అంది డాక్టరమ్మ. నాట్లు అయ్యాక బళ్ళారిలో ఆపరేషన్ అని రాసిచ్చింది. బళ్ళారికి తోడు ఎవరు వెళ్ళాలా అని అప్పుడే వాదులాట మొదలైంది. వచ్చే నెల నుంచి ప్రతి అమావాస్యకీ ఆ వైపు వ్యాను వస్తుందని డ్రైవరు తనకి తానే ప్రకటించేశాడు. డాక్టరమ్మ కాదనలేదు.

సంగనకల్లు

తిరుగు రైలు మర్నాడు సాయంత్రం. బళ్ళారి పక్కనే సంగనకల్లు కొండ ఉంది, రాతియుగం మనుషులు బతికిన చోటు. ఎండలో ఎక్కాం. గొర్రెలు కాస్తున్న ఒకాయన నల్ల బండలు చూపించి, చిన్న రాయితో ఒకదాన్ని తట్టాడు. ఖంగుమంది. మా ఇంట్లో ఇత్తడి బిందె మోత అచ్చం అంతే. ఎన్ని వేల ఏళ్ళ నాటివో, బండల మీద తట్టి తట్టి పడిన గుంటలు.

"ఎందుకు కొట్టేవాళ్ళో?" అంది కీర్తి.

"మనుషులను పిలిచేకేమో" అన్నాడాయన. "అందరూ వచ్చినారో లేదో సూసుకోవాల గదా."

కీర్తి కాగితం తీసి గీత గీయబోయి మళ్ళీ మడిచి పెట్టేసింది. ముగ్గురం ఎవరి బండ వాళ్ళు ఎంచుకుని చెయ్యి నొప్పిపుట్టేదాకా వాయించాం. గొర్రెలు బెదిరాయి, ఆయన తిట్టాడు. దిగొచ్చాం.

మళ్ళీ తెనాలి

కాలేజీలో రిపోర్టు ఇచ్చాం. 'ఉపయోగించిన మాధ్యమం' అన్న గడిలో కీర్తి స్వయంగా 'హనుమక్క' అని రాసింది. సార్ ఎర్రసిరాతో ఒక ప్రశ్నార్థకం పెట్టి, మేం కథ చెప్పాక దాన్ని కొట్టేశారు.

ఆ ఫోన్ గ్రూపులోంచి నన్నెవరూ తీసేయలేదు. రోజూ ఐదింటికి నా ఫోన్ మోగుతుంది. ఫలానా మడి, ఫలానా దారి, ఇరవై ఎనిమిది మందీ రావాల. మొదట్లో మా అమ్మ తిట్టింది. ఇప్పుడు ఆ మెసేజ్ వినే లేచి పాలు పొయ్యి మీద పెడుతోంది.

మధ్యలో పది రోజులు సుంకమ్మ గొంతు వచ్చింది. ఆపరేషన్ అయ్యిందని, బాగుందని. నిన్న తెల్లవారుజామున మళ్ళీ ఆ కంచు గొంతు.

"తెనాలి పాపా, బురదలో కూచున్న నీ ఫోటో ఇప్పుడు సూస్తిని. ఇంత చిన్నపిల్లవా నువ్వు? గొంతు ఇని పెద్ద టీచరమ్మ అనుకొంటి. సరే, ఇనండి అందరూ. ఈ పొద్దు కాలవ గట్టు మడి, కలుపు పని. బుత్తి కట్టుకోని రాండి. ఇరవై తొమ్మిది మందీ రావాల. తెనాలి పాప లెక్కలో ఉండాది. రాకపోతే నాగా వేస్తా."

మంచం మీద కూర్చుని, చీకట్లో అరచెయ్యి గుండె మీద వేసుకున్నాను. వెళ్ళలేదు. నా పేరున నాగా పడింది.